‘అదీ ఒక పాటేనా?’: సినిమా పాట మీద చిన్నచూపులో సంగీతమెంత, మనుషుల లెక్కెంత

పైడితల్లమ్మ సిరిమాను దగ్గరపడితే విజయనగరంలో ఏ మూల చూసినా పాటే. ఒక వేదిక మీద కచేరీ, ఒక దగ్గర హరికథ, మైదానంలో సినిమా పాటల ఆర్కెస్ట్రా, వీధి మొగలో డీజే పెట్టెలు. వాటి వెనకే ఓ పాత తగువు కూడా వస్తుంది. ‘ద్వారం వారు వాయులీనం వాయించిన ఊళ్ళో ఈ గోలేటి?’ అని ఒకరంటారు. ‘మీ కచేరీలో ముందు వరస తప్పిస్తే కుర్చీలన్నీ ఖాళీయే కదేటి’ అని ఇంకొకరు.

‘అదీ ఒక పాటేనా’ అన్న ఆ చిన్న మాటలో నాలుగు ఆరోపణలు కలిసిపోయి ఉంటాయి. సినిమా పాట పాడటం సులువన్నది ఒకటి. గొంతు పాడటం లేదు, యంత్రం పాడుతోందన్నది రెండు. అన్నీ ఒకే మూసలో పోసినవన్నది మూడు. పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఓ మెట్టు కిందివాళ్ళన్నది నాలుగు. మొదటి మూడూ సంగీతం గురించినవి కనుక స్వరాలతో, తాళంతో, లెక్కలతో పరీక్షించి చూడొచ్చు. నాలుగోది మనుషుల గురించి. దాన్ని పైకి అనేవాళ్ళు తక్కువ. మనసులో అది ఉండి, నోటితో మొదటి మూడూ అంటారు. అందుకే ఈ వాదన ఎన్నేళ్ళయినా తెగదు.

పేర్లు ముందు తేల్చుకుందాం

మనవైపు శాస్త్రీయమంటే కర్ణాటక సంగీతం. రాగానికి ఆరోహణ, అవరోహణ, స్వరాన్ని ఊపే గమకాలు, లెక్క తప్పని తాళం దాని పునాది. ఇంకో ముఖ్యమైన సంగతి, అందులో సగమే ముందుగా కూర్చింది. మిగతా సగం, అంటే ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విస్తరించడం), నెరవు (ఒక పంక్తినే రకరకాలుగా పాడటం), స్వరకల్పన (స్వరాల పేర్లతో అల్లడం), వేదిక మీద అప్పటికప్పుడు పుడతాయి. మనోధర్మం అనేది దీన్నే.

లలిత సంగీతంలో రాగం నీడగా ఉంటుంది, సాహిత్యానిదే పెత్తనం. గ్రామఫోను, రేడియో పెంచిన పద్ధతి ఇది. సాలూరు దగ్గరి శివరామపురం నుంచి వెళ్ళిన సాలూరి రాజేశ్వరరావు దీనికి బాట వేసినవారిలో ఒకరు.

జానపదం ఊరి పనిలోంచీ పండగలోంచీ వచ్చింది. రొమ్ముకు కట్టుకున్న రేకు వాద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ గెంతే తప్పెటగుళ్ళు, తీగను మీటుతూ బిగువు మార్చి పలికించే జముకు చుట్టూ అల్లుకున్న జముకుల కథ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల సొత్తు.

ఇక సినిమా పాట. అది ఒక సంగీత పద్ధతి పేరు కాదు. పాట ఎక్కడ పుట్టిందో చెప్పే పేరు, అంతే. పై మూడు రకాలూ అందులోకి వస్తాయి, జాజ్, రాక్, ఖవ్వాలీ కూడా వస్తాయి. మన దగ్గర పాప్ సంగీతమంటే చాలావరకు ఇదే. ఈమధ్య యూట్యూబులో వచ్చే ప్రైవేటు పాటలు దానికి తోడయ్యాయి. అందుచేత ‘సినిమా పాట తక్కువ రకం’ అన్నవారిని ఏ సినిమా పాట అని అడగక తప్పదు.

సంగీత కళాశాల గోడ ఎంత ఎత్తు?

విజయనగరం సంగీత కళాశాల 1919లో విజయరామ గజపతిరాజు పెట్టింది. శాస్త్రీయ సంగీతానికి కోటలాంటి ఈ సంస్థ చరిత్రను దగ్గర నుంచి చూస్తే, కోట తలుపులు మొదటిరోజు నుంచీ తెరిచే ఉన్నాయనిపిస్తుంది.

మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది హరికథ. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరతలు, మధ్యమధ్య పిట్టకథలు, హాస్యాలు, నిలబడి ఆడుతూ పాడుతూ గంటల తరబడి జనాన్ని కదలనీయకపోవడం. ఆనాటి లెక్కలో అది జనరంజక కళ. అలాగని లోతు తక్కువేం కాదు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి నడిపిన పంచముఖి ప్రజ్ఞ ఆయనది. జనాన్ని నవ్విస్తే లయజ్ఞానం తరిగిపోతుందన్న లెక్క ఆయన దగ్గర చెల్లదు.

వాయులీన ఆచార్యుడిగా వచ్చి, తర్వాత కళాశాలకు అధ్యక్షుడైన ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలోని వాద్యం సంగతి చూడండి. ఫిడేలు ఐరోపా నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ లాంటివాళ్ళు దాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీశారు. ముత్తుస్వామి దీక్షితార్ అయితే ఇంగ్లీషు బ్యాండు వాయించే బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలని పేరు, దాదాపు నలభై ఉంటాయి. అన్నీ శంకరాభరణ రాగ స్వరాల్లో, గమకం దాదాపు లేకుండా నడుస్తాయి. బ్రిటిష్ రాజగీతం బాణీ కూడా వాటిలో ఉంది. గమకం లేని బాణీ సంగీతమే కాదనే కచ్చితమైన వాదులకు దీక్షితార్ దగ్గరే చిక్కు వస్తుంది.

కృష్ణా జిల్లా నుంచి చదువు కోసం ఈ ఊరొచ్చి, మధూకరం ఎత్తుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్న కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఈ ఊళ్ళోనే 1935లో పుట్టి, ఇదే కళాశాలలో చదివిన అమ్మాయి పి. సుశీల. తెలుగు సినిమా పాటకు రెండు పెద్ద గొంతులు ఈ శాస్త్రీయ విద్యాలయం గడప దాటి వెళ్ళినవే. నేర్పింది ఒకే చోట, నేర్చింది ఒకే స్వరజ్ఞానం. పాడిన చోటు మారగానే విలువ మారిపోయిందంటే, ఆ విలువ కడుతున్నది స్వరానికి కాదు.

‘సులువు’ అన్న మాటకు పరీక్ష

మోహన రాగం తీసుకుందాం. స్వరాలు అయిదే: షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. విద్యార్థులు సాధన కోసం నేర్చుకునే ‘నిన్నుకోరి’ వర్ణం ఈ రాగంలోదే. 1957 నాటి ‘మాయాబజార్’లో వెన్నెట్లో పడవ మీద వినిపించే ‘లాహిరి లాహిరి’ కూడా మోహనమే.

వర్ణంలో గాంధారం, ధైవతం చిన్న ఊపుతో పలకాలి. ముక్తాయి, చిట్టస్వరాలు అనే స్వరాల వరసలు ఉంటాయి. మొదటి కాలంలో పాడింది రెండో కాలంలోనూ, అంటే రెట్టింపు వేగంలోనూ, తాళం చెదరకుండా పాడగలగాలి. సినిమా పాటలో ఇవేవీ అడగరు. ఆ పాట అడిగేది వేరు: మాట స్పష్టంగా ఉండాలి, ఊపిరి తీసుకున్నట్టు వినబడకూడదు, పడవ ఊగే లయ గొంతులో ఉండాలి, పక్క గాయని గొంతుతో అతకాలి. రెండు పరీక్షల ప్రశ్నపత్రాలు వేరు. ఒకదాంట్లో ప్యాసైనవాళ్ళు రెండోదాంట్లో తప్పకుండా గట్టెక్కుతారన్న హామీ ఏ వైపూ లేదు.

బయటివాళ్ళ కంట పడని కష్టం శ్రుతిది, అంటే షడ్జమాన్ని ఏ ఎత్తులో పెట్టుకోవాలన్నది. కచేరీ చేసే విద్వాంసురాలు తన గొంతుకు ఏ శ్రుతి నప్పుతుందో చూసుకుని తంబురా అక్కడ మీటించుకుంటుంది. అయిదు శ్రుతి అయితే జీవితమంతా అయిదే, మహా అయితే అరశ్రుతి అటూ ఇటూ. సినిమా గాయనికి ఆ వెసులుబాటు లేదు. యుగళగీతం ఒకటిన్నర శ్రుతిలో కట్టారనుకుందాం, మగగొంతుకు హాయిగా ఉంటుందని. అయిదు శ్రుతి గొంతుకు ఒకటిన్నర అంటే కిందికి దిగినా ఆరు స్వరస్థానాలే, పైకి ఎక్కినా ఆరే. ఒక షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న పన్నెండు స్థానాల స్థాయిలో సరిగ్గా నడిమధ్యన, అందరికన్నా ఇబ్బంది పడేచోట ఆమెను నిలబెట్టినట్టు. అప్పుడు సంగీత దర్శకుడు ఆమె చరణాన్ని మధ్యస్థాయి పంచమం నుంచి తారస్థాయి గాంధారం దాకా ఉండేలా కడతాడు. ఆమె తన షడ్జమం కాని షడ్జమం మీద, గొంతు బిగియకుండా, నవ్వుతున్నట్టు పాడాలి. మర్నాడు ఇంకో పాట, ఇంకో శ్రుతి.

ఊరి ఆర్కెస్ట్రా గాయకుడి పని ఇంకా చికాకు. ఒక రాత్రి ఇరవై, ముప్పై పాటలు, ఒక్కోటీ ఒక్కో గాయకుడి గొంతుకు కట్టింది. కీబోర్డు వాయించే అతను కిందటి పాటకు శ్రుతి మార్చడానికి నొక్కిన ట్రాన్స్‌పోజ్ మీట తీయడం మర్చిపోయాడంటే పల్లవి రెండు స్థానాలు పైన మొదలవుతుంది, అనుపల్లవి వచ్చేసరికి గొంతు పగులుతుంది. వేదిక మీద గాయకుడి వైపు తిప్పాల్సిన మానిటర్ పెట్టె జనం వైపు తిరిగి ఉంటే తన గొంతు తనకు వినబడదు, శ్రుతి జారుతుంది. కింద కూర్చున్నవాళ్ళు ‘వీడికి శ్రుతి లేదు’ అంటారు. సగంసార్లు లేనిది మానిటరు.

మరో పక్క కూడా నిక్కచ్చిగా చెప్పాలి. ఒక రాగాన్ని కాగితం లేకుండా, ముందు అనుకోకుండా, అరగంట సేపు మళ్ళీ మళ్ళీ అదే చోటికి రాకుండా విస్తరించడం సినిమా పాట ఎన్నడూ కోరని విద్య. దానికి ఏళ్ళ సాధన కావాలి. ఆ విద్యలో పోటీకి దిగితే మామూలు సినిమా గాయకుడు ఓడిపోతాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

సినిమా పాటను వెనకేసుకొచ్చేవాళ్ళు ఇక్కడ తరచూ ఓ పొరపాటు చేస్తారు. 1961లో పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచగా ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ని, అందులోని దర్బారీ కానడను సాక్ష్యంగా తెస్తారు. ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయంగా శిక్షణ పొందినవారు కారని గుర్తు చేస్తారు. రెండూ నిజమే. వాదన మాత్రం ఎదురుతిరుగుతుంది, ఎందుకంటే కచేరీలా వినబడినప్పుడే సినిమా పాట గొప్పదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. మోహనలో ఉన్నా లేకున్నా, రాగం పేరు పెట్టలేని పాట కూడా తన పని తాను బాగా చేసిందా అన్నదే చూడాల్సింది.

మైకు కూడా ఒక వాద్యమే

‘మైకు తీసేస్తే పాడగలరా?’ అన్నది పాత సవాలు. పౌరాణిక నాటకాల్లో పద్యం పాడినవాళ్ళు చివరి వరస దాకా గొంతు విసిరేవారు, ఆ శక్తి గొప్పదే. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకుతో రికార్డింగు మొదలయ్యాక గుసగుస కూడా పాట కాగలిగింది. జోలపాటను జోలపాటలా పాడే వీలు అప్పుడే వచ్చింది.

దానికీ ఓ సాధన ఉంది. మైకుకు నాలుగైదు వేళ్ళ దూరంలోకి వస్తే మంద్రస్వరం బరువెక్కుతుంది, సాధారణంగా వాడే మైకుల గుణం అది. తారస్థాయికి వెళ్తున్నప్పుడు ముఖం వెనక్కి తీయకపోతే ధ్వని చీలుతుంది. ప, బ, భ అక్షరాల దగ్గర నోటి గాలి ‘ధబ్’మని కొడుతుంది, అందుకే స్టూడియోలో మైకు ముందు గుడ్డ తెర పెడతారు. స, శ, ష ఈలలా కోసుకుపోతాయి, మైకును కొంచెం పక్కకు తిప్పి పాడాలి. తెలుగులో ఒత్తులు ఎక్కువ కనుక మనవాళ్ళకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. ‘భ’ను ‘బ’గా పలికి గాలి తప్పించుకునే గాయకులున్నారు, భాష తెలిసిన చెవికి అది వెంటనే దొరికిపోతుంది.

ఇంతకీ నేటి కచేరీల్లోనూ మైకు ఉంది, ఫిడేలుకీ మృదంగానికీ కూడా ఉంది.

శ్రుతి దిద్దే యంత్రం ఏం చేస్తుంది, ఏం చేయలేదు

ఆటోట్యూన్ అన్న మాట ఇప్పుడు తిట్టులా వాడుతున్నారు. చమురు కోసం భూకంప తరంగాల లెక్కలు చూసిన ఇంజనీరు ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని తెచ్చాడు. మరుసటేడు అమెరికా గాయని షెర్ పాడిన పాటలో దాన్ని కావాలనే అతిగా వాడాక ఆ మరమనిషి గొంతు లోకమంతా పాకింది.

పని తీరు ఇలా ఉంటుంది. గొంతు పలికిన స్వరం సెకనుకు ఎన్ని కంపనాలో కొలుస్తుంది, దగ్గర్లో ఉన్న అనుమతించిన స్వరమేదో చూస్తుంది, అక్కడికి జరుపుతుంది. ఎంతసేపట్లో జరపాలో ఇంజనీరు చెప్తాడు. ఆ వ్యవధి సున్నాకు పెడితే ఠక్కున లాగేస్తుంది, మరగొంతు వస్తుంది. కొన్ని పదుల మిల్లీసెకన్లకు పెడితే మెల్లగా సర్దుతుంది, మామూలు చెవి పట్టుకోలేదు.

శాస్త్రీయ గాయకుల అనుమానానికి ఇక్కడ గట్టి ఆధారముంది. ఒకటో శ్రుతిలో షడ్జమం సుమారు 261.6 కంపనాలు. తంబురా మీద చెవి పెట్టి పాడితే అంతర గాంధారం దానికి ఒకటింబావు రెట్లు, అంటే 327 దగ్గర కుదురుతుంది. కీబోర్డు మీద అదే గాంధారం 329.6. స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోయడం వల్ల వచ్చిన తేడా ఇది. కీబోర్డు లెక్కకు పెట్టిన యంత్రం తంబురాకు శుద్ధంగా పాడిన గాంధారాన్ని తప్పనుకుని పైకి తోస్తుంది. అంటే సరైన స్వరాన్ని చెడగొడుతుంది. గమకం గతి ఇంకా అన్యాయం. రెండు స్వరాల మధ్య ఊగే గొంతును మెట్లు మెట్లుగా నరుకుతుంది. తెలిసిన ఇంజనీర్లు అలాంటి చోట్ల యంత్రాన్ని ఆపేస్తారు, లేదా ఒక్కో స్వరాన్ని తెర మీద విడిగా పట్టుకుని చేత్తో సరిచేస్తారు.

అభిమానుల మాటలోనూ నిజం ఉంది. ఆ యంత్రం ఊపిరినివ్వదు. ఉచ్చారణ దిద్దదు, మాట విరుపు నేర్పదు, బాధను పలికించదు. శ్రుతి కుదిరిన చప్పటి పాట చప్పటి పాటగానే మిగులుతుంది. ఒకప్పుడు గాయకులూ వాద్యకారులూ అందరూ కలిసి ఒకే టేకులో పాడేవారు, ఒక్కరు తప్పితే మళ్ళీ మొదటికి. ఇప్పుడు ఒక్కో పంక్తి విడిగా పాడించి, పది టేకుల్లోంచి మంచి ముక్కలు అతికిస్తారు. దీనివల్ల గాయకుడికి భద్రత వచ్చింది, పాట మొదటి నుంచి చివరికి ఒక్క ఊపులో పోయే గుణం కొంత పోయింది. ఆ నష్టం నిజమైనది.

వేదిక మీద ‘పెదాలు కదిపాడు’ అన్నప్పుడు కూడా మూడు సంగతులు విడదీయాలి. గొంతు లేని ట్రాక్ వేసి దానిమీద పాడటం ఒకటి, అది వాద్యబృందం ఖర్చు తప్పించుకోవడం. వెనక సన్నగా గొంతు కూడా వేసి దానితో కలిపి పాడటం రెండోది, అరువు ధైర్యం. మూడోది పూర్తిగా రికార్డు వేసి నోరు కదపడం. టికెట్టు కొన్నవాడు మోసపోయానని కోప్పడే హక్కు ఈ మూడోదాని మీద పూర్తిగా ఉంది.

నాలుగు కార్డులు, అదే దరువు

పాప్ పాటలన్నీ నాలుగు కార్డుల మీదే నడుస్తాయన్నది మరో ఎత్తిపొడుపు. కార్డంటే మూడు స్వరాలు ఒకేసారి పలకడం. ఎక్కువగా వినబడే నాలుగింటినీ మన స్వరాల్లో చెప్పుకుంటే: స-గ-ప, ప-ని-రి, ద-స-గ, మ-ద-స. అన్నీ కలిపి చూడండి, శంకరాభరణంలోని ఏడు స్వరాలూ వచ్చేశాయి. కాబట్టి ఆ స్వరాల వరసలో ఏ బాణీ పాడినా ఈ నాలుగింట్లో ఏదో ఒకటి కింద అమరుతుంది. అంతగా వాడటానికి కారణం ఆ వెసులుబాటే. బద్ధకానికి దారి కూడా అదే: ముందు ఆ నాలుగూ పరిచేసి పైన ఏదో ఒక బాణీ అంటించిన పాటలు బోలెడు, వాటిని మూస అనడం న్యాయమే.

అయితే చెవి ఏం వెతుకుతోందో కూడా చూడాలి. కర్ణాటక సంగీతంలో కార్డులే లేవు. ఆ చెవి గమకంలో కొత్తదనం వెతుకుతుంది, అది దొరక్కపోతే పాట ఖాళీ అంటుంది. పాప్‌కు అలవాటైన చెవి కింద కదిలే కార్డులనీ వాద్యాల పొరలనీ వింటుంది, గంటసేపు ఒకే షడ్జమం మోగుతుంటే ఏమీ జరగడం లేదనుకుంటుంది. ఇద్దరూ ఎదుటివాళ్ళ సంగీతంలో లేనిదాన్నే వెతుకుతున్నారు.

ఒకే పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుందన్నదీ అంతే. కచేరీలో పాడే కృతిలోనూ పల్లవి తిరిగొస్తుంది, ప్రతిసారీ కొత్త సంగతితో, అంటే అదే పంక్తి కొత్త మలుపుతో. ఆ మార్పు గాయకుడి గొంతులో ఉంటుంది. సినిమా పాటలో, ఏ వాద్యం ఎక్కడ రావాలో కూర్చే అరేంజరు చేతిలో ఉంటుంది: మొదటిసారి గొంతు, గిటారు, రెండోసారి వయొలిన్లు చేరతాయి, చివర కోరస్, డప్పులు. అరేంజరు పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పని జరిగినట్టే చాలామందికి తెలియదు.

దరువు గురించి కొంచెం ఆగుదాం, మనవైపు ఆటపాటల ప్రాణం అక్కడ ఉంది. ‘తకధిమి’ అని నాలుగేసి అక్షరాలుగా నడిస్తే చతురశ్రం, ‘తకిట తకిట’ అని మూడేసిగా నడిస్తే తిశ్రం. రెండు తకిటలు కలిస్తే ఆరు, పాశ్చాత్యులు 6/8గా రాసేది ఇదే. 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ నడక ఇదే. నిమిషానికి 120 అడుగులు పడే వేగంలో సెకనుకు రెండు అడుగులు, ఆరు అక్షరాలు. కాలికి రెండే దెబ్బలు కాబట్టి ఎవరైనా గెంతగలరు. చెవికి ఆరు అక్షరాలు కాబట్టి ఉరుకు తగ్గదు. అసలు తమాషా ఆరును రెండు రకాలుగా విరవొచ్చనడంలో ఉంది. డప్పు ‘తకిట తకిట’ అని రెండుగా కొడుతుంటే, కీబోర్డు ‘తక తక తక’ అని మూడుగా వెళ్తే, రెండూ ఆరో అక్షరం తర్వాత కలుసుకుంటాయి. మృదంగ విద్వాంసుడు కచేరీలో ఒంటరిగా వాయించే తనియావర్తనంలో చేసే లెక్కల చిన్నతమ్ముడే ఇది. డప్పు కొట్టే మనిషికి ఈ లెక్క పేరు తెలియకపోవచ్చు, చేతికి తెలుసు.

రేడియోలో సినిమా పాట ఆగిన రోజులు

ఈ చిన్నచూపు ప్రభుత్వ విధానంగా మారిన రోజులూ ఉన్నాయి. 1952 నుంచి పదేళ్ళు సమాచార, ప్రసార శాఖ చూసిన బి.వి. కేస్కర్, శాస్త్రీయ సంగీతాన్ని పెంచాలని ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. నిర్మాతలతో తగువు ముదిరి ఆ పాటలు దాదాపు మూగబోయాయి. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టి ఆకాశవాణే ఆ పాటల్ని ఇంటికి పిలుచుకుంది.

కేస్కర్ పక్షాన కూడా ఒక మాటుంది. రాజాస్థానాలు పోయాక విద్వాంసులకు జీతమిచ్చి నిలబెట్టింది ఆకాశవాణే. సినిమా పాటను మార్కెట్టు పోషిస్తుంది, ఆలాపనను పోషించదు, కాబట్టి ప్రజాధనం రెండోదానికి వెళ్ళాలన్నది ఇవాళ ఉత్సవ వేదికల విషయంలోనూ వినదగ్గ వాదనే. అందుకు మొదటిదాన్ని హీనమనక్కర్లేదు.

ఏది హీనమో, ఏది శుద్ధమో అన్న తీర్పులు ఎంతకాలం నిలుస్తాయో హార్మోనియం చెప్తుంది. గమకం పలకదని ఆకాశవాణి దాన్ని 1940లో బయట పెట్టి, 1971లో మళ్ళీ తలుపు తీయడం మొదలుపెట్టింది. పదాలు, జావళీలు అనే శృంగార గీతాలు ఇంకా పెద్ద ఉదాహరణ. దేవదాసీలైన కళావంతుల నోట ఉన్నన్నాళ్ళూ పెద్దమనుషులు వాటిని చాటుగా విని బహిరంగంగా ఈసడించారు. 1947 నాటి మద్రాసు చట్టంతో దేవదాసీ వ్యవస్థ రద్దయింది. అవే జావళీలు నేడు కచేరీ చివర్లో గౌరవంగా వినిపిస్తాయి. స్వరం ఒక్కటీ మారలేదు, మారింది పాడే మనుషులు. మొదట చెప్పిన నాలుగో ఆరోపణ బయటపడేది ఇక్కడే. ‘ఆర్కెస్ట్రా పిల్ల’ అన్న మాటను ఏ గొంతుతో అంటారో విన్నవాళ్ళకు దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

పాట మూడు, నాలుగు నిమిషాలకు కుదించుకుపోయిందన్న నిందకూ చిన్న జవాబుంది. 78 వేగపు గ్రామఫోను పలక ఒక వైపున పట్టేదే మూడు నిమిషాల చిల్లర. ఆనాటి విద్వాంసులు కూడా కృతిని ఆ కొలతకే కత్తిరించి పాడారు.

నిజంగా తప్పుపట్టాల్సినవి

డీజే పెట్టెల మోత మీద కోపం న్యాయమైనదే, అది పాట మీద పెట్టుకోవాల్సిన కోపం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదు. పండగలకు రాష్ట్రం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు. ఆ పెట్టెల్లో కీర్తన వేసినా హద్దు అదే.

ఆడవాళ్ళను చులకన చేసే సాహిత్యం మీద అభ్యంతరానికీ రాగంతో పనిలేదు. నిలబడే అభ్యంతరం అది. సినిమా పాటను ప్రేమించేవాళ్ళే ముందుగా అనాలి.

అన్నిటికన్నా బరువైనది మన పల్లెలకు సంబంధించింది. ఉత్తరాంధ్ర యాసకూ బాణీకీ సినిమాలోనూ యూట్యూబులోనూ ఇప్పుడు గిరాకీ ఉంది. పాట లక్షల చెవులకు చేరుతుంది, జముకు మీటిన మనిషికి ఏమొస్తుందన్నది వేరే ప్రశ్న. చట్టం ఇక్కడ రెండుగా విడిపోతుంది. ఎవరు కట్టారో తెలియని సంప్రదాయ పాటకు యజమాని ఉండడు, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ పాటను ఒకరు పాడగా రికార్డు చేస్తే, ఆ గానం మీద గాయకుడికి యాభై ఏళ్ళపాటు ప్రదర్శకుడి హక్కు ఉంటుంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్న ప్రదర్శకుడికి కూడా వాణిజ్యపరమైన వాడకం మీద రాయల్టీ రావాలి. సినిమా హాల్లో ఆడించడం కాక మిగతా వాడకాల మీద కవికీ సంగీత దర్శకుడికీ రావాల్సిన వాటాను కూడా ఒప్పందంతో రాయించుకుని తీసేయడానికి వీల్లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, జానపద గాయకుడి దగ్గర బాణీ విని, అతని చేత పాడించకుండా, స్టూడియోలో వేరే గొంతుతో పాడించినప్పుడు. అప్పుడు అతని గానం వాడలేదు, పాటకు యజమాని లేడు. ఆ మనిషికి చట్టం నుంచి దక్కేది ఏమీ ఉండదు. టైటిల్స్‌లో పేరు, చేతిలో ఎంతో కొంత డబ్బు, ఈ రెండూ తీసుకెళ్ళినవాళ్ళ మర్యాద మీదే ఆధారపడి ఉంటాయి.